ఇంట్లో కట్టిన కిట్ కారు ఎంఓటీ ఫెయిల్, ఎమిషన్ దగ్గర ఇరుక్కున్నా, తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడ_టు_కోవెంట్రీ:

నమస్తే అండీ అందరికీ. వీసాలు, మార్ట్‌గేజ్‌ల పోస్టుల మధ్యలో ఈ గోలేంటి అనుకోకండి, యూకేలో కిట్ కారు పిచ్చి ఉన్న తెలుగోడిని నేనొక్కడినే అయ్యుండనని ఒక ఆశ.

విషయం ఏంటంటే పోయిన సెప్టెంబర్‌లో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన దగ్గర లోటస్ సెవెన్ టైపు కిట్ కారు కొన్నా. ఆయనే గరాజ్‌లో నాలుగేళ్లు కూర్చుని కట్టుకున్నాడు. ఒక పాత ఫోర్డ్ సియెర్రాని తుక్కు రేటుకి కొని దాని ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, స్టీరింగ్ కాలమ్ అన్నీ పీకి, గొట్టాల చాసిస్ మీద కూర్చోబెట్టి, పైన అల్యూమినియం రేకు, ముందు ఫైబర్ ముక్కు. 2005లో ఎస్‌వీఏ (ఇలా కట్టిన ఒక్క బండికి ప్రభుత్వం చేసే పరీక్ష) పాసయ్యి రిజిస్టర్ అయింది. ఇంజను 2.0 ఫోర్డ్ పింటో, రెండు వెబర్ కార్బ్యురేటర్లు. బరువు 640 కేజీలు, తలుపుల్లేవు, పైకప్పు లేదు, వాన పడితే తడవడమే. మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీ బాడీలు కట్టాడు, వీడియో కాల్‌లో చూసి "ఒరేయ్ ఇది ట్రాలీకి ఇంజను బిగించినట్టుందిరా" అని నవ్వాడు గానీ ఆ తర్వాత వెల్డింగులు దగ్గరగా చూపించు చూపించు అని పావుగంట ఫోన్ వదల్లేదు.

చలికాలం అంతా సోర్న్ పెట్టి, అంటే రోడ్డు మీద తిప్పనని చెప్పేసి, కవర్ కప్పేశా. ఇప్పుడు ఎండ వచ్చింది కదా అని ముందే బుక్ చేసుకుని ఏటా చేయించాల్సిన ఎంఓటీ టెస్ట్‌కి తీసుకెళ్లా. ఫెయిల్ షీట్ ఇది:

ఎమిషన్: ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3.1 శాతం, లిమిట్ 0.3 అట. హెచ్‌సీ (కాలని పెట్రోల్) 780. లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు) కూడా ఫెయిల్.
హ్యాండ్‌బ్రేక్: ఎడమ 38, కుడి 34 కేజీలు, మొత్తం బండి బరువులో 11 శాతం. కావాల్సింది 16.
హెడ్‌లైట్లు: ఎల్‌ఈడీ బల్బులు వేశానని రెండూ ఫెయిల్, పైగా ఎడమది మరీ పైకి చూస్తోందట.
అడ్వైజరీ: ఇంజను నుంచి ఆయిల్ చెమర్చడం.

హెడ్‌లైట్ల సంగతి నా తప్పే ఒప్పుకుంటా, బల్బులు నేనే ఆన్‌లైన్‌లో కొని పెట్టా. కానీ ఎమిషన్ సంగతే అర్థం కావట్లేదు. "నీ బండి ఫస్ట్ యూజ్ 2005, కంప్యూటర్ క్యాట్ టెస్ట్ అడిగింది, నేను చేశా, అంతే" అన్నాడు టెస్టర్. అసలు ఈ బండికి క్యాటలిటిక్ కన్వర్టరే (ఎగ్జాస్ట్ పొగని శుభ్రం చేసే డబ్బా) లేదు, ఎప్పుడూ లేదు! ఇప్పుడు క్యాట్ బిగించాలా? ఒక ఎగ్జాస్ట్ షాపువాడు ఆరు వందల పౌండ్లు అన్నాడు. ఇంట్లో ఆవిడ "కొన్నది నాలుగు వేల ఎనిమిది వందలకి, ఇంకెంత పోస్తారు ఈ తొట్టిలో" అని మొదలెట్టింది. ఎవరైనా ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

స్పానర్_బాబాయ్ (డెర్బీ):

తమ్ముడూ ముందు ఆ ఎగ్జాస్ట్ షాపువాడికి ఫోన్ చేసి క్యాన్సిల్ చెయ్యి. క్యాట్ కొనకు. నేను ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్లు, అందులో పద్నాలుగేళ్లు ఇలాంటి బళ్లతోనే కాపురం, ఇదే గొడవ నాకు రెండుసార్లు అయింది.

నీ టెస్టర్ తేదీ చూసి మామూలు కారుకి చేసే టెస్ట్ చేసేశాడు. ఫ్యాక్టరీ కారుకి అది కరెక్టే, ఎందుకంటే 2005 కారంటే 2005 ఇంజనే. కిట్ కారుకి లెక్క వేరు. టెస్టర్లు వాడే ఎంఓటీ మాన్యువల్లోనే కిట్ కార్లకి, ఇంట్లో కట్టినవాటికి విడిగా రాసుంది. నీ వీ5సీలో, అదే రిజిస్ట్రేషన్ కాగితంలో, ఎమిషన్ లిమిట్ ఏదైనా రాసుంటే దాని ప్రకారం టెస్ట్ చెయ్యాలి, రాసి లేకపోతే ఇంజను వయసు ప్రకారం చెయ్యాలి. కాబట్టి ఇప్పుడే వెళ్లి వీ5సీ తీసి చూడు. ఆ కాలంలో ఎస్‌వీఏ అయిన పింటో బళ్లకి ఆ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది. నాదీ ఖాళీయే.

ఇక ఇంజను వయసు. ఎవరైనా అడిగితే ఇదే చెప్తా, గోడ మీద రాసిపెట్టుకో:

1975 ఆగస్టు 1 కంటే ముందుదైతే కంటికి పొగ కనిపిస్తోందా లేదా అంతే.
1975 ఆగస్టు నుంచి 1986 జూలై దాకా సీఓ 4.5 శాతం, హెచ్‌సీ 1200.
1986 ఆగస్టు నుంచి 1992 జూలై దాకా సీఓ 3.5 శాతం, హెచ్‌సీ 1200.
ఆ తర్వాతవాటికే క్యాట్ గోల మొదలవుతుంది.

నీ ప్లేట్ ఏ అక్షరం? ఏజ్ రిలేటెడ్ ప్లేట్ అయితే అది సియెర్రా వయసే. ఎఫ్ అనుకో, అంటే 1988 ఆగస్టు నుంచి 1989 జూలై మధ్యది. అప్పుడు నీ లిమిట్ 3.5. నీకొచ్చింది 3.1. హెచ్‌సీ 780, లిమిట్ 1200. చూశావా, నీ బండి అసలు ఫెయిలే కాలేదు! వేరే పరీక్ష పేపర్ ఇచ్చి మార్కులు వెయ్యలేదన్నట్టుంది.

కానీ ఇక్కడో మెలిక ఉంది. ఇంజను వయసు నిరూపించాల్సింది బండి తెచ్చినవాడే, టెస్టర్ కాదు. "పింటో అంటే పాతదే కదండీ" అంటే కుదరదు, కాగితం కావాలి. తయారీదారు నుంచి గానీ, నమ్మదగిన వాళ్ల నుంచి గానీ లెటర్. ఓనర్స్ క్లబ్‌లు ఇలాంటి డేటింగ్ లెటర్లు ఇస్తుంటాయి. ఇంజను బ్లాక్ మీద కొట్టిన నంబర్‌కి ఫోటో తియ్యి, జిడ్డు బాగా పట్టి ఉంటుంది, పెట్రోల్ ముంచిన గుడ్డతో తుడిస్తే గానీ కనపడదు. ఆ కాలం ఫోర్డ్‌లకి నంబర్ మొదట్లో ఉండే అక్షరాలే ఏ సంవత్సరం, ఏ నెల అన్నది చెప్తాయి. ఇంకో మాట, నీకు బండి అమ్మిన పెద్దాయన దగ్గర ఒక ఫైల్ ఉండి తీరుతుంది. ఇలాంటి బండి కట్టినవాడు బోల్టు కొన్న రసీదు కూడా పారెయ్యడు. ఎస్‌వీఏ సర్టిఫికెట్, సియెర్రా పాత లాగ్‌బుక్ కాపీ, కట్టేటప్పటి ఫోటోలు అన్నీ అడుగు.

క్యాట్ ఎందుకు వద్దంటున్నానో కూడా విను. క్యాట్ పని చెయ్యాలంటే గాలి, పెట్రోల్ పాళ్లు లాంబ్డా 1 చుట్టూనే ఉండాలి, దానికి ఎగ్జాస్ట్‌లో సెన్సర్, దాన్ని చూసి క్షణక్షణం ఇంధనం సరిచేసే కంప్యూటర్ ఇంజెక్షన్ కావాలి. కార్బ్యురేటర్‌కి కళ్లూ ముక్కూ లేవు, జెట్ ఎంతుంటే అంత పోస్తుంది. కాలని పెట్రోల్ క్యాట్‌లోకి వెళ్లి అక్కడ మండి, లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది. ఆరు వందలు బూడిదే, మళ్లీ ఫెయిలే.

అప్పీల్ కూడా ఉంది, వీటీ17 ఫారం, టెస్ట్ రోజు నుంచి 14 వర్కింగ్ డేస్‌లో వెయ్యాలి. ఎంఓటీలు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎస్‌ఏ వాళ్లే వచ్చి మళ్లీ చూస్తారు, టెస్ట్ ఫీజు మళ్లీ కట్టాలి, నీదే రైట్ అయితే వెనక్కిస్తారు. అయితే అప్పీల్ వేస్తే ఆలోపు ఏమీ రిపేర్ చెయ్యకూడదు, ఉన్నది ఉన్నట్టే చూపించాలి. నీకు హ్యాండ్‌బ్రేక్, లైట్లు ఎలాగూ నిజంగానే ఫెయిల్ కాబట్టి నా సలహా అయితే అప్పీల్ జోలికి పోకు, కాగితాలు పట్టుకుని కిట్ కార్లు తెలిసిన గరాజ్‌కి వెళ్లు. క్లాస్ 4 (కార్ల) గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు, నువ్వు ఆ పోట్లాటకి పెట్టే టైమ్ కంటే చవక.

రాకీ_లూటన్:

బ్రో ఎందుకింత టెన్షన్, క్యూ ప్లేట్ తీసుకో, క్యూ ప్లేట్ బళ్లకి ఎమిషన్ ఉండదు పొగ మాత్రమే చూస్తారు మా ఫ్రెండ్ వాళ్ల బాస్‌కి ఉంది. లేదంటే ఇంకో మూడు నాలుగేళ్లు ఆగితే ఇంజనుకి 40 ఏళ్లు వస్తాయి అప్పుడు ఎంఓటీయే అక్కర్లేదు లోల్

స్పానర్_బాబాయ్ (డెర్బీ):

రాకీ బాబూ, మొదటి సగం నిజం, రెండో సగం ప్రమాదం.

పెట్రోల్ క్యూ ప్లేట్ బళ్లని 1975 ఆగస్టు కంటే ముందువాటిలాగే చూస్తారు, ఎమిషన్‌కి పొగ మాత్రమే, అది కరెక్టే. కానీ క్యూ ప్లేట్ అనేది మనం షాపులో ఎంచుకునే చొక్కా కాదు. బండి వయసో పుట్టుకో తేల్చలేనప్పుడు డీవీఎల్‌ఏ (రిజిస్ట్రేషన్ ఆఫీసు) తగిలించేది అది. ఇతనికి సియెర్రా కాగితాలతో ఏజ్ రిలేటెడ్ నంబర్ వచ్చేసింది, దాన్ని పోగొట్టుకుని క్యూ తెచ్చుకుంటానంటే అమ్మేటప్పుడు బండి విలువ కూడా పడిపోతుంది.

40 ఏళ్ల సంగతి, ఆ మినహాయింపు పెద్దగా మార్పులు చెయ్యని బళ్లకి. వేరే బండి భాగాలతో కట్టిన కిట్ కారుని పెద్దగా మార్చిన బండి కిందే లెక్కేస్తారు, క్యూ ప్లేటుదీ అంతే. హిస్టారిక్ ట్యాక్స్ క్లాస్‌లో ఉండి, గత 30 ఏళ్లలో మార్పులేమీ జరగకపోతేనే తప్పించుకునేది. 2005లో కట్టిన బండికి ఆ లెక్క ఎప్పటికి కలుస్తుందో నువ్వే చూసుకో. ఇంజను వయసుకీ ఆ రూల్‌కీ సంబంధమే లేదు.

రాకీ_లూటన్:

ఓకే ఓకే బాబాయ్ సారీ 🙏 నేను ఫియెస్టా నడుపుకునేవాణ్ణి

గోదారి_పిల్ల (మిల్టన్ కీన్స్):

బాబాయ్ గారు ఎమిషన్ సంగతి చెప్పేశారు కాబట్టి మిగతా రెండూ నేను చెప్తా. నేను మాజ్దా ఎంఎక్స్‌5 డోనర్‌తో (భాగాలు పీకుకునే పాత కారు) ఒకటి కట్టా, మా ఆయన కాదు నేనే, ఎందుకంటే బండి బయటికి తీసిన ప్రతిసారీ జనాలు ఆయన్నే అడుగుతారు "మీరే కట్టారా" అని, ఆయన పాపం పదమూడో నంబర్ స్పానర్ కూడా గుర్తుపట్టడు.

హ్యాండ్‌బ్రేక్ గురించి. మీ అంకెలు చూస్తే 38, 34 కలిపి 72, దాన్ని 640తో భాగిస్తే 11 శాతం చిల్లర, అంటే ఆయన బరువు కరెక్టుగానే వేశాడు. ఇది చూడటం ఎందుకంటే కిట్ కార్ల బరువు వాళ్ల డేటాలో ఉండదు, కొందరు అంచనాగా తొమ్మిది వందలో వెయ్యో వేసేస్తారు, అప్పుడు మంచి బ్రేకు కూడా ఫెయిల్ అవుతుంది. ఎప్పుడు వెళ్లినా వెయింగ్ బ్రిడ్జి చీటీయో ఎస్‌వీఏ కాగితమో గ్లవ్ బాక్సులో ఉంచుకోండి (గ్లవ్ బాక్స్ లేదు కదూ మీకు, సీటు కింద పెట్టుకోండి). మీకు 16 శాతం అంటే రెండు చక్రాలకీ కలిపి 103 రావాలి, ఎడమా కుడీ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒక పక్క పాడవలేదు, రెండూ కలిసి నీరసంగా ఉన్నాయి. వెనకవి డ్రమ్ములేనా?

డ్రమ్ములైతే అందరూ చేసే తప్పు కేబుల్ బిగించెయ్యడం. అలా చెయ్యొద్దు. ముందు కేబుల్ మొత్తం వదులు చేసెయ్యండి, డ్రమ్ములు ఊడదీసి షూలు చూడండి. ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగని బండి కదా, షూల మీద గాజు పూత పూసినట్టు మెరుస్తూ ఉంటుంది, వేలితో రాస్తే జారిపోతుంది. గరుకు కాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దండి. కానీ జాగ్రత్త, 1980ల షూలంటే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, నోటితో ఊదడం, గాలి గొట్టం పెట్టడం అస్సలు వద్దు, మాస్కు పెట్టుకుని తడి గుడ్డతోనే తుడవండి, అసలు అనుమానంగా ఉంటే కొత్త షూలు కొనేసుకోండి పెద్ద ఖర్చు కాదు. తర్వాత షూలని డ్రమ్ముకి దగ్గరగా సర్దుకోనిచ్చి, చివర్లో కేబుల్ లూజు తియ్యండి. ఇంకొకటి చూడండి, సియెర్రా కేబుల్ పొడవైన కారుకి చేసింది, కిట్ కారులో చోటు లేక టన్నెల్ పక్కన గట్టిగా వంచి పెడతారు, ఆ వంపులో లోపలి తీగ రాసుకుని సగం బలం అక్కడే పోతుంది. నా మొదటి ఎంఓటీలో నాకు దెబ్బ కొట్టింది అదే.

లైట్లు. హాలోజన్ కోసం చేసిన దీపంలో ఎల్‌ఈడీ బల్బు పెడితే ఫెయిల్ చెయ్యమని 2021 నుంచే టెస్టర్లకి చెప్పారు, పాత హెచ్4 బల్బులు పెట్టెయ్యండి. ఎత్తు ఇంట్లోనే సర్దుకోవచ్చు. చదునైన చోట గోడకి సరిగ్గా 5 మీటర్ల దూరంలో బండి ఆపండి, మీ బరువుకి సరిపడా ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి (640 కేజీల బండిలో మనిషి ఎక్కితే ఒక పక్కకి ఒరుగుతుంది, నవ్వకండి నిజం). దీపం మధ్య ఎత్తు కొలిచి గోడ మీద టేపు అంటించండి. డిప్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ టేపు కంటే 2.5 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్ల కింద పడాలి, అంటే 0.5 శాతం నుంచి 2 శాతం కిందకి. మధ్యలో 5, 6 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుంటే దారిలో గుంటలకి కాస్త కదిలినా లోపలే ఉంటుంది. ఇలాంటి బళ్లకి దీపం ఒక్క బోల్టు మీద నిలబడి ఉంటుంది కాబట్టి గరాజ్‌కి వెళ్లేలోపే తల వంచేస్తుంది, నైలాక్ నట్టు వెయ్యండి.

చార్మినార్_చక్రం (హైదరాబాద్):

అన్నా, అక్కా ఒక డౌట్. మేము కాలేజీలో బాజా ఎస్‌ఏఈ పోటీకి బండి కట్టినం, పీతంపూర్ పోయొచ్చినం కూడా. ఆ బండి ఇప్పుడు షెడ్‌లో పడి ఉంది, మస్తు బాధైతది చూస్తే. మీ లెక్క ఇండియాల కూడా ఒక టెస్ట్ రాయించి నంబర్ ప్లేట్ తెచ్చుకోవచ్చా? మా సీనియర్ ఒకాయన ఆర్టీఏ ఆఫీసుల మనోడు ఉన్నడు చూద్దాం అంటుండు.

స్పానర్_బాబాయ్ (డెర్బీ):

బాబూ ఆ సీనియర్ మాట వినకు. ఇక్కడ ఐవీఏ అని ఒకటుంది (ఇదివరకు ఎస్‌వీఏ), ఒక మనిషి కట్టిన ఒక్క బండిని ప్రభుత్వమే పరీక్ష చేసి ఆమోదిస్తుంది, అది పాసైతేనే నంబర్ వస్తుంది, ఆ తర్వాతే ఏడాదికోసారి ఎంఓటీ. మన దగ్గర ఆ మొదటి మెట్టే లేదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 126 ప్రకారం తయారీదారు తన మోడల్‌ని పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి చోట టెస్ట్ చేయించి టైప్ అప్రూవల్ తెచ్చుకోవాలి, అది కంపెనీలు భరించే ఖర్చు, కాలేజీ కుర్రాళ్లది కాదు. ఉన్న బండిని మార్చుకుందామన్నా మోటార్ వెహికల్స్ చట్టం 52వ సెక్షన్ అడ్డు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా మార్చకూడదనే చెప్పింది. ఆర్టీఏలో మనోడున్నా ఇంజను నంబర్, చాసిస్ నంబర్ వేరే బండివి వేసి నెట్టుకొచ్చే దారి తప్ప ఏమీ చెయ్యలేడు, అది మోసం కేసు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు.

ట్రాకుల్లో, ప్రైవేటు స్థలంలో హాయిగా నడుపుకో. నాకూ మన దగ్గర ఇలాంటి దారి ఒకటి ఉంటే బాగుండుననే ఉంటుంది, ఆటోనగర్‌లో ఉన్న చేతులకి ఏం కట్టలేరు చెప్పు.

చార్మినార్_చక్రం (హైదరాబాద్):

సమజైంది అన్నా. థాంక్స్. మరి మా నాన్న కారుకి పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ ఎవ్వడూ చూడడు కదా, ఇంట్ల కట్టిన బండికేమో అసలు ఎంట్రీనే లేదు, ఇదేం లెక్కనో

డాలస్_దొరబాబు:

నేను కూడా ఒక మాట వేస్తా. మా టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు బళ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ మొత్తం ఎత్తేశారు, డాలస్, కాలిన్ లాంటి పెద్ద కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ ఒక్కటే మిగిలింది. అందరూ పండగ చేసుకున్నారు. నేను మాత్రం మొన్న ఐ35 మీద ముందు వెళ్తున్న ట్రక్కుకి బ్రేక్ లైటు ఒక్కటీ వెలగకపోతే గుండె చేత్తో పట్టుకుని నడిపా. మీ పదహారు శాతం, సెంటీమీటర్ల గొడవ చదువుతుంటే అసూయగానే ఉంది.

గోదారి_పిల్ల (మిల్టన్ కీన్స్):

దొరబాబు గారూ మీరు అసూయపడాలంటే ఐవీఏ చూడాలి. ఎంఓటీ దాని ముందు బాలశిక్ష. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి అంచుకీ కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి, ఎగ్జామినర్ చేతిలో చిన్న గోళం లాంటి గేజ్ పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు. నేను మూడు వారాల సాయంత్రాలు కూర్చుని నట్లకి ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకి రబ్బరు పట్టీ అంటించా, పెళ్లికి మామిడాకులు కట్టినంత శ్రద్ధగా. అయినా మొదటిసారి ఫెయిల్. ఎక్కడంటే ముందు మడ్‌గార్డ్ స్టే కింద, నేల మీద పడుకుంటే తప్ప కనపడని ఒక మూల. ఆయన నేల మీద పడుకున్నాడు మరి.

నేను అసలు చెప్పదలుచుకుంది వేరే. చాలామంది ఐవీఏ అయ్యాక ఆ టోపీలు, పట్టీలు అన్నీ పీకేస్తారు, ఎంఓటీలో 2.5 మిల్లీమీటర్లు ఎవరూ కొలవరని. కొలవరు నిజమే. కానీ ఎంఓటీ టెస్టర్ ఏదీ విప్పకూడదు, స్పానర్ పట్టుకోకూడదు, కనపడిందే చూస్తాడు. మన బళ్లలో సగం చాసిస్ రేకుల వెనకే ఉంటుంది. అందుకే పాస్ కాగితం వచ్చిందని నిద్రపోకండి. బెజవాడ గారూ, మీ బండి ఇరవై ఏళ్లది, సీటు పీకి, సైడ్ ప్యానెల్ ఒకటి విప్పి, వెనక సస్పెన్షన్ చేతులు చాసిస్‌కి కలిసే చోట, సీటు బెల్టు బిగించిన చోట గొట్టాలని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. పౌడర్ కోటింగ్ పైకి నిగనిగలాడుతుంది, లోపల నీరు దూరి పొరలా లేస్తుంది. టంగ్ మని మోగాలి, డబ్ మంటే ఫోటో పెట్టండి.

టైర్లు కూడా చూడండి, లోతు కాదు, తేదీ.

బెజవాడ_టు_కోవెంట్రీ:

అందరికీ ముందు దండం. పది రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నా, కొంచెం పొడుగు.

వీ5సీ తీసి చూశా బాబాయ్, ఎమిషన్ గళ్లు అన్నీ ఖాళీ. ప్లేట్ మీరు ఊహించినట్టే ఎఫ్. పెద్దాయన ఇంటికెళ్లి ఫైల్ ఉందా అని అడిగా, "అడగవేమో అనుకున్నా" అంటూ రెండు లావుపాటి ఫైళ్లు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఎస్‌వీఏ కాగితం, సియెర్రా లాగ్‌బుక్ జిరాక్స్, ఇంజను ఊడదీసిన రోజు ఫోటో, వెనక పెన్సిల్‌తో తేదీ, కేజీ చొప్పున తుక్కు అమ్మిన రసీదు కూడా! ఇంజను నంబర్ తుడిస్తే బయటపడింది, లాగ్‌బుక్‌లో ఉన్నదీ అదే. క్లబ్ వాళ్లకి ఫోటోలు పంపితే వారంలో లెటర్ వచ్చింది, 1988 ఇంజను అని.

హ్యాండ్‌బ్రేక్ అక్కా, మీరు చెప్పింది చెప్పినట్టే. డ్రమ్ము ఊడదీస్తే షూలు స్టీలు గిన్నెలా మెరుస్తున్నాయి. భయమేసి రుద్దలేదు, కొత్త షూలే వేశా. కేబుల్ వంపు సంగతి కూడా నిజమే, ప్రాప్‌షాఫ్ట్ టన్నెల్ పక్కన దాదాపు మోచెయ్యిలా వంచి క్లిప్ పెట్టున్నాడు, క్లిప్ ఒక జానెడు వెనక్కి జరిపితే లీవర్ చేతికే తేలికైపోయింది. లైట్ల కోసం మా ఆవిడని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టా, "నా బరువు నీ బరువు ఒకటా" అని తిట్టి, పక్కన బియ్యం బస్తా పది కేజీలది పెట్టుకుని కూర్చుంది.

చాసిస్ కొట్టి చూశా. ఒక చోట తప్ప అంతా టంగ్. ఎడమ వెనక బ్రాకెట్ దగ్గర కోటింగ్ లేచింది గానీ గీకితే కింద లోహం గట్టిగానే ఉంది, పైపైన తుప్పు. నాన్నకి వీడియోలో చూపిస్తే "ముందు వైర్ బ్రష్ కొట్టి రెడాక్సైడ్ పూయి, వెల్డింగ్ జోలికి పోకు, నీకు రాదు" అన్నాడు. టైర్ల మీద నాలుగంకెలు 3109, అంటే 2009లో 31వ వారం. లోతు 6 మిల్లీమీటర్లు ఉంది, ఎంఓటీ వాడు పాస్ చేశాడు, కానీ పక్క గోడ వంచి చూస్తే సన్నని పగుళ్లు నదిలో ఎండిన బురదలా. నాలుగూ మార్చేశా. ఇంట్లో ఈ ఖర్చు ఇంకా చెప్పలేదు, ఆవిడ ఈ సైట్ చూడదనే ధైర్యం.

నిన్న వేరే గరాజ్, కిట్ కార్లు రోజూ చూసేవాడి దగ్గరికి వెళ్లా. లెటర్ చూపించకముందే బానెట్ ఎత్తి "ఓ పింటో" అన్నాడు, అయినా లెటర్ తీసుకుని చదివి, వీ5సీ చూసి, మెషీన్‌లో నాన్ క్యాట్ పెట్టాడు. పావుగంట నడిపి వేడి చేసి తీసుకెళ్లా కాబట్టి ఐడిల్ ఊగకుండా నిలబడింది. సీఓ 2.9, హెచ్‌సీ 690. హ్యాండ్‌బ్రేక్ 61, 57, మొత్తం 18 శాతం. బియ్యం బస్తా కూడా పనిచేసింది, లైట్లు రెండూ పాస్.

అడ్వైజరీ ఒక్కటే మిగిలింది, ఆయిల్ చెమర్చడం. అది పింటోకి పుట్టుకతో వచ్చిన జబ్బు అని టెస్టర్ అన్నాడు, కింద అట్టముక్క వేసుకోమన్నాడు.

స్పానర్_బాబాయ్ (డెర్బీ):

శభాష్. ఆ లెటర్‌ని లామినేట్ చేయించి బండిలోనే పెట్టు, ప్రతి ఏడాదీ అడుగుతారు. వచ్చే ఏడాది గడువుకి నెలలోపే వెళ్లు, నెలకి ఒక్క రోజు తక్కువ ముందు దాకా చేయించుకున్నా పాత తేదీయే కొనసాగుతుంది. ఆయిల్‌కి రాకర్ కవర్ గాస్కెట్ చూడు ముందు, కార్క్‌ది ఉంటే పీకి రబ్బరుది వెయ్యి. అట్టముక్క వేసుకోవడం నేనూ చేశా, మా డ్రైవ్‌వే చూస్తే తెలుస్తుంది.

గోదారి_పిల్ల (మిల్టన్ కీన్స్):

ఆ బియ్యం బస్తా ఏ బియ్యం? సోనా మసూరీ అయితే పర్లేదు. బాస్మతి పెడితే మా వాళ్లు ఒప్పుకోరు.

బెజవాడ_టు_కోవెంట్రీ:

సోనా మసూరీయే అక్కా. ఆదివారం ఎండ ఉందంటున్నారు, మిల్టన్ కీన్స్ దాకా వస్తా, కేబుల్ ఇంకోసారి చూద్దురు గాని.